ఉప్పల్ తవ్వుతోంది, నాచారం నిద్రపోతోంది

మాది ఉప్పల్. మా ఆవిడ పుట్టిల్లు నాచారం. ఇంటికి రెండు ఆడ జెర్బిల్స్ వచ్చినప్పుడు ఇరుపక్షాల పరువూ నిలబడేలా మా అమ్మాయి పేర్లు పెట్టింది. నల్లది ఉప్పల్, గోధుమరంగుది నాచారం. అప్పట్నుంచి మా ఇంట్లో మాటలు ట్రాఫిక్ పోలీసుల వైర్‌లెస్ సెట్‌లా వినిపిస్తున్నాయి. "నాచారంలో కదలిక లేదు." "ఉప్పల్ మళ్లీ తవ్వుతోంది."

జెర్బిల్ ఎలుకకు చుట్టమే. కాకపోతే తోకకు బొచ్చు, చివర్న కుచ్చు ఉంటాయి. సొంతూరు మంగోలియా వైపు ఎండు మైదానాలు. 1866లో అర్మాన్ డేవిడ్ అనే ఫ్రెంచి ఫాదరీ వీటిని పారిస్‌కు పంపాడు. 1954లో ప్రయోగశాలల కోసం అమెరికా చేరాయి. ఆ తర్వాత పిల్లల గదుల్లోకి దూరాయి. ఇదంతా కుళాయి బాగుచేయడానికి వచ్చినతనికి వివరించాను. అతను ఓపిగ్గా విని, "అంటే హబ్సిగూడ సీసీఎంబీ ల్యాబు వాళ్లు ఇచ్చిన్రా సార్?" అన్నాడు.

వీటి అసలు వృత్తి తవ్వకం. మొదట్లో ఉప్పల్ గాజుపెట్టె మూలలో నిలబడి, ముందుకాళ్లతో గాజునే గీకేది. గాజుకు గీత పడలేదు, దాని పట్టుదలా తగ్గలేదు. దాక్కోవడానికి బొరియ లేకపోతే అలాగే చేస్తాయట. జానెడు లోతున కాగితపు ముక్కలు పోసి, ఒక అట్టగొట్టం పడేశాం. తెల్లారేసరికి రెండు ద్వారాల సొరంగం సిద్ధం. 2018లో పని మొదలైన ఉప్పల్–నారపల్లి ఫ్లైఓవర్ స్తంభాలను చూస్తూ పెరిగిన మా అమ్మాయి ఆ వేగాన్ని నమ్మలేకపోయింది. "పర్మిషన్లు ఎవరిచ్చారు నాన్నా?" అంది.

నాచారానిది వేరే ధోరణి. ఉప్పల్ తవ్విన దారిలో నడిచి, ఉప్పల్ చీల్చిన అట్ట మీద పడుకుంటుంది. కుక్కర్ విజిల్ వేస్తే మాత్రం లేచి వెనక్కాళ్లతో టకటకా నేల కొడుతుంది. తోటివాళ్లకు ప్రమాద హెచ్చరిక అన్నమాట. ఆ దరువుకు ఉప్పల్ సొరంగంలోకి మాయమవుతుంది. పప్పు ఉడికేలోపు ఇదంతా మూడుసార్లు జరుగుతుంది.

మా అత్తమ్మ మొదటిసారి చూసినప్పుడు, "ఏంది బిడ్డా, ఎలుకలకు మందు పెట్టుడు పోయి గింజలు పెడుతున్నరా?" అంది. వాసన పట్టుకుందామని పెట్టె దగ్గర ముక్కు కూడా పెట్టింది. దొరకలేదు. పొడినేల జీవులు కదా, తాగేది కొంచెం, పోసేది అంతకన్నా కొంచెం. ఆ విషయంలో ఓడిపోయాక ఆవిడ కుర్చీ జరుపుకుని కూర్చుంది. టీవీ సీరియల్ వేళకు కూడా లేవలేదు.

ఇప్పుడు ఆవిడ నాచారం ఫోన్ చేసి, "ఉప్పల్‌ది పొద్దుతిరుగుడు గింజలన్నీ గుంజుకపోయి మూలకు దాస్తున్నది, మన నాచారం పిల్లకు ఏం మిగులుతలేదు" అని చెబుతోంది. అవతలివాళ్లు మా కాపురం గురించి ఏమనుకున్నారో తెలియదు గానీ, మరునాడే మా బావమరిది పలకరించడానికి వచ్చాడు.

న్యాయం చేయాలని అత్తమ్మ గోధుమరంగు దానికి చాటుగా గుమ్మడి గింజలు వేస్తోంది. ఇవి సాధారణంగా వంద గ్రాముల లోపే ఉంటాయి. నిన్న వంటింటి త్రాసులో పెడితే నాచారం ఆ గీత దాటింది. "ఇక గింజలు ఆపండి అత్తమ్మా" అన్నాను.

"ఉప్పల్ వాళ్లు గట్లనే అంటరు" అంది.