ఒక పరుగు పద్యానికి టీకా తాత్పర్యం

ఆ.వె.
పూర్వమేటి నంచు పొంగుచు నిలిచితి
మొదటి మైలు దాటి మోకరిల్లి
తాత ముందు పోయె దండము పెట్టితి
హోసురూరి గాలి! యూపిరిమ్ము

అవతారిక: ఇరవయ్యేళ్లకు పైగా పోటీ ముఖం చూడని ఒకానొక గృహస్థు, ఒక ఆదివారం తెల్లవారుజామున హోసూరులో పది కిలోమీటర్ల పరుగుకు పేరిచ్చి, రొమ్మున అంకె కాగితానికి నాలుగు పిన్నీసులు గుచ్చుకొని, దావలో అనుభవించినదాన్ని ఆటవెలదిలో విన్నవించుకొంటున్నాడు. ఆట వెలసిపోయిన వాడికి ఆటవెలదే తగునని పెద్దలు.

ప్రతిపదార్థం: పూర్వ = ధర్మపురి జిల్లా కాలపు. ఇక్కడ కాస్త చరిత్ర కావాలి. కవిగారి ఇంటి అటక మీది ప్రశంసాపత్రంలో జిల్లా పేరు ధర్మపురి అని ఉంది. కృష్ణగిరి 2004 ఫిబ్రవరిలో వేరు జిల్లా అయింది. జిల్లా రెండైనా తన మేటితనం మాత్రం చెక్కుచెదరలేదని కవి భ్రమ. మేటి = దిట్ట. ‘పూర్వ’ తత్సమం, ‘మేటి’ అచ్చ తెలుగు. రెంటినీ కలిపితే వైరిసమాసం. వ్యాకరణం ఒప్పదు కదా అంటే, మోకాలు కూడా ఒప్పలేదు. పద్యంలో కుదరని సంధి కాలిలో ఎలా కుదురుతుంది?

పొంగుచు = గుంపును చూసి ఉబ్బిపోతూ. పరుగు మొదలైన మొదటి రెండు నిమిషాలు ఎవడైనా మేటే.

మొదటి మైలు = పందెం కిలోమీటర్లలో, కవి మైళ్లలో. గణం కోసం అని కొందరు, పాత రోజులు మరవలేక అని కొందరు. ఇందులో శాస్త్రం కూడా ఉంది. సాధన మానిన రెండు వారాల్లోనే నెత్తుటిలోని నీటిభాగం తగ్గుముఖం పడుతుంది. గుండె ఒక్కో దెబ్బకు తోసే నెత్తురు తగ్గుతుంది. రెండు వారాలకే అంత అయితే రెండు దశాబ్దాల మాట చెప్పాలా? మళ్లీ మొదలుపెడితే గుండె, ఊపిరితిత్తులు కొన్ని వారాల్లో దారికొస్తాయి. కండను ఎముకకు కట్టే స్నాయువులకు మాత్రం నెలలు పడుతుంది. కాబట్టి దమ్ము ‘పోదాం’ అంటుంది, మోకాలు ‘ఎక్కడికి?’ అంటుంది.

మోకరిల్లి = మోకాళ్ల మీద వంగి. బూటు తాడు ఊడిందని కవి వాదన. తాడు గట్టిగానే ఉందని చూసినవారు చెప్పారు.

తాత = డెబ్బై దాటిన పెద్దాయన. పంచె బిగించి, మామూలు కాన్వాసు బూట్లతో, రామనాయక్కన్ చెరువు మలుపులో కవిని దాటిపోయాడు. పోతూపోతూ, ‘నిదానంగా రాప్పా, దావ యాడికీ పోదు’ అన్నాడట. ఇలాంటి తాతలు లోకంలో అరుదు కాదు. పంజాబులో పుట్టిన ఫౌజా సింగ్ కుర్రతనంలో పరుగెత్తి, మానేసి, ఎనభై దాటాక మళ్లీ పట్టుకొన్నాడు. 2000లో, 89 ఏళ్ల వయసులో, లండన్‌లో మారథాన్ పూర్తిచేశాడు. 2011లో టొరంటోలో మరొకటి. అప్పటికి ఆయనకు నూరేళ్లు. పుట్టిన తేదీ పత్రం లేదని గిన్నిస్ వారు రికార్డు రాసుకోలేదు. మన కవికి పత్రం ఉంది, పరుగే లేదు.

దండము పెట్టితి = నమస్కరించితిని. రెండో పాదంలో మోకరిల్లి, మూడో పాదం చివర దండం పెట్టాడు. నడుమ తాత వెళ్లిపోయాడు. దీన్ని దూరాన్వయదోషం అంటారు. తాతకూ కవికీ ఉన్న ఎడం తెలియజేయడానికే అలా కూర్చాడని మా మతం.

హోసురూరి = హోసూరు అనే ఊరి. ‘హొస ఊరు’ అంటే కన్నడంలో కొత్త ఊరు. పేరులోనే ఊరు ఉండగా మళ్లీ ‘ఊరి’ అనడం పునరుక్తి, ఆయాసంలో తప్పదు. ‘సూ’ దీర్ఘం ఎందుకు పోయిందని అడుగుతారేమో. ఊపిరి చాలక.

గాలి! = ఓ చల్లగాలీ. హోసూరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. ఎత్తు వల్లే ఆయాసం వచ్చిందని కవి ఇంట్లో చెప్పుకొన్నాడు. ఆ ఎత్తుకు గాలి అంత పలచబడదు. బాగలూరు దావ అంతా గులాబీ తోటల చల్లదనంతో గాలి చాలానే ఉండింది, లోపలికి పోయే తలుపే చిన్నదైంది.

తాత్పర్యం: ఒకప్పుడు దిట్టనని వచ్చాను, ఆగాను, ముసలాయన ముందుకు పోయాడు, గాలి ఇప్పించండి.

విశేషం: కృష్ణగిరి వ్యాఖ్యాతలు ఈ పద్యాన్ని ఒప్పరు. హోసూరులో ఏమి పరుగు, సూళగిరి మీదుగా మా ఊరికి దిగమనండి, యాభై కిలోమీటర్లూ వాలే కదా, కింద తోతాపురి మామిడి రసం పోస్తాం అంటారు. వాలు సులువన్నది బస్సులో కూర్చున్నవాడి సిద్ధాంతం. దిగేటప్పుడు తొడ కండరం సాగుతూనే ఒంటికి బ్రేకు వేస్తుంది. అందుకే నొప్పి ఆ పూట రాదు, ఒకటి రెండు రోజులకు ముదురుతుంది. (ఈ వ్యాఖ్యాతకూ ఆ కవికీ మోకాళ్లు ఒక్కటే అని చదువరులు ఈపాటికి గ్రహించే ఉంటారు.)

ఫలశ్రుతి: పరుగైన మరునాడు మొక్కు తీర్చను చంద్రచూడేశ్వరుని గుట్టకు పోయాం. ఎక్కడం ఎక్కాం. దిగేటప్పుడు, ముఖం దేవుడి వైపే ఉంచి, ఒక్కో మెట్టూ వెనక్కి వెనక్కి దిగాం. చూసినవాళ్లు భక్తి అనుకొన్నారు.