ఎండలో పరిగెత్తించేవాడికి పాఠం ఎవరు చెప్పాలి?

మా రోజుల్లో వేసవి శిబిరమంటే చీకటి ఉండగానే మొదలయ్యేది. ఎండ చురుక్కుమనే వేళకు పిల్లలు ఇళ్లకు చేరి చద్దన్నంలో మజ్జిగ పోసుకుని తింటుండేవాళ్లు. మళ్లీ పొద్దు వాలాకే కబడ్డీ, ఖోఖో. మా డ్రిల్లు మాస్టార్లు పుస్తకాలు చదివి చేసిన పని కాదది. పొలం పని ఏ వేళకు ఆగేదో ఆటా ఆ వేళకే ఆగేది, అంతే. వాళ్లకూ పిచ్చి నమ్మకాలుండేవి. పరుగు మధ్యలో నీళ్లు తాగితే డొక్కలో పోటొస్తుందని కుండ దగ్గరికి పోనిచ్చేవారు కాదు. అది శుద్ధ తప్పు. వేళ విషయంలో మాత్రం వాళ్లదే ఒప్పు.

ఇప్పుడు ఆ వేళాపాళా ఏదీ? ముఖ్య అతిథి పదకొండింటికొస్తే అప్పటిదాకా పిల్లలు ఎండలో వరసకట్టి నిలబడాలి. మట్టి తీసేసి టర్ఫ్ పరిచారు. ఎండెక్కితే అది గడ్డికంటే ఎంతో ఎక్కువగా మండిపోతుంది. ఏప్రిల్ అంతా కూలర్ కింద పరీక్షలకు చదివిన పిల్లవాణ్ని మే మొదటి రోజునే రెండు గంటలు దౌడు తీయిస్తారు. ఒంటికి ఎండ అలవాటు కావాలంటే పది నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది. మొదటి రోజుల్లో సగం పని చాలు, రోజురోజుకీ కొంచెం పెంచాలి. ఈ ఒక్క ముక్క ఎంతమంది కోచ్‌లకు చెప్పారు? కోర్టు కొలతలు అడగండి, అంగుళాలతో సహా అప్పజెబుతారు.

ఫోన్లో 36 డిగ్రీలే చూపిస్తోంది కదా సార్ అంటారు. కోస్తాలో ఆ 36 చాలు ప్రాణం తీయడానికి. గాలిలో తేమ నిండి ఉంటే చెమట ఆరదు, చెమట ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. అందుకే 1950లలోనే అమెరికా మెరైన్లు తమ శిక్షణ శిబిరాల కోసం వేరే లెక్క పెట్టుకున్నారు. తడిగుడ్డ చుట్టిన థర్మామీటరుకు ఏడు పాళ్లు, నల్ల గోళంలోని దానికి రెండు పాళ్లు, మామూలు దానికి ఒక పాలు. ఆ అంకె చూసి పరుగు తగ్గించాలా, ఆపాలా అని తేల్చేవారు.

నాకు ఒళ్లు మండేది ఇంకో మాటకి. పిల్లవాడు తూలుతుంటే "వాడు యాక్టింగ్ చేస్తున్నాడు" అంటారు! వడదెబ్బ తగిలితే చెమట ఆగిపోతుందని మనందరికీ నూరిపోశారు. ఆటలో తగిలే దెబ్బ అలా ఉండదు. ఒళ్లంతా చెమట కారుతూనే ఉంటుంది. కాళ్లు మెలికపడతాయి, చూపు నిలవదు, స్కోరెంతరా అంటే వాళ్ల అమ్మ పేరు చెబుతాడు, భుజం పడితే విదిలించి తిడతాడు. అది పొగరు కాదు, లోపల వేడి 40 డిగ్రీలు దాటి మెదడు తడబడుతోంది. నుదుటి మీద పెట్టే థర్మామీటరు ఆ సంగతి చెప్పలేదు. మలద్వారంలో పెట్టి చూస్తేనే అసలు వేడి తెలుస్తుంది. అది లేకపోయినా ఈ లక్షణాలు చూశాక ఆగకూడదు.

అప్పుడు మనవాళ్లు చేసేదేమిటి? చుట్టూ మూగి, మొహాన నాలుగు చుక్కలు చిలకరించి, ఆటోలో కుక్కి ఆస్పత్రికి పరుగు. దారిలోనే పుణ్యకాలం గడిచిపోతుంది. ముందు చల్లబరచాలి, ఆ తర్వాతే తరలించాలి. కూలిన అరగంటలోపు వేడి దిగాలి. ఐసు నీళ్ల తొట్టిలో మెడదాకా ముంచి, చంకల కింద చేతులేసి తల పైకి పట్టుకుని, నీళ్లు కలియబెడుతూ ఉండాలి. తొట్టి లేదా? ధాన్యం ఆరబోసే బరకం ప్రతి ఊళ్లోనూ ఉంది. నలుగురు నాలుగు మూలలెత్తి పట్టుకుంటే అదే తొట్టి. ఐసు చేపల మార్కెట్లో దొరుకుతుంది, పొద్దున్నే తెచ్చి పొట్టులో పెట్టుకోవచ్చు. అమెరికాలో ఫాల్మత్ అనే ఊళ్లో ఏటా ఆగస్టులో పరుగు పందెం జరుగుతుంది. అక్కడ 18 ఏళ్లలో 274 మందికి ఇలాంటి వడదెబ్బ తగిలితే ఇలా నీళ్లలో ముంచి అందర్నీ బతికించారు.

ఆ దేశమూ దెబ్బ తినే నేర్చుకుంది. 2001లో కోరీ స్ట్రింగర్ అనే పేరున్న అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు వేసవి శిబిరంలో ఎండకు పడిపోయి చనిపోయాడు. 2008లో కెంటకీ రాష్ట్రంలో 15 ఏళ్ల బడి పిల్లవాడు సాధనలో కూలి మూడు రోజులకు పోయాడు. కోచ్ మీద కేసు నడిచింది, నిర్దోషి అన్నారు. రాష్ట్రం ఆ తీర్పుదాకా ఆగలేదు. బడి కోచ్‌లు ఆటల భద్రత పాఠం చదివి తీరాలని మరుసటి ఏడే చట్టం చేసింది.

మన దగ్గర బరువు తగ్గాలని జూనియర్ కబడ్డీ పిల్లలకు ఎండలో ప్లాస్టిక్ జెర్కిన్లు తొడిగి పరిగెత్తించడం ఇంకా చూస్తున్నాను. 1997లో అలా బరువు దించుకోబోయి అమెరికా కాలేజీ కుస్తీ కుర్రాళ్లు ముగ్గురు వారాల తేడాలో పోతే అక్కడ ఆ రబ్బరు సూట్లనే నిషేధించారు.

వచ్చే వేసవి శిబిరాలకు కోచ్‌లను తీసుకునేటప్పుడు సర్టిఫికెట్ల ఫైలు పక్కన పెట్టి, ఒక బరకం, రెండు ఐసు దిమ్మలు, నలుగురు మనుషుల్ని ముందు పెట్టండి. పడిపోయిన పిల్లవాణ్ని అయిదు నిమిషాల్లో నీళ్లలోకి దించి చూపమనండి. చూపలేనివాడికి విజిల్ ఇవ్వకండి.