కప్ప అందుకుంది: సటీకా తాత్పర్యం

మూలం: “గాలి ఆగింది, కప్ప అందుకుంది, ఇగ మంచం లోపలెయ్యి.”

అవతారిక: 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయాన్ని నెలకొల్పినవారిలో ఒకరైన రాజా నాయని వెంకట రంగారావుది నడిగూడెం కోట. అంత సాహిత్యపు గాలి సోకిన ఆ ఊళ్లో వినబడే ఇలాంటి వాక్యానికి టీక లేకపోవడం లోటే.

టీక: గాలి ఆగింది = తాటిమట్టల రొద అణిగింది. ఎండుమట్ట కాస్త గాలికే గరగరలాడుతుంది. ఆ రొదలో కీచురాయి కూడా మునిగిపోతుంది. కప్ప = బోదురుకప్ప; జాత్యేకవచనం. అందుకుంది = ఒకటి మొదలెడితే తక్కినవి శ్రుతి కలిపాయి. గొంతెత్తేది మగవే. తొలకరికి ఒళ్లు పసుపుపచ్చగా, గొంతు సంచులు నీలంగా మారి ఆడకప్పను పిలుస్తాయి. మంచం సంగతి వాటికి పట్టదు.

తాత్పర్యం: వాన వస్తుంది.

పూర్వపక్షం: ఇక్కడ తార్కికుడు లేస్తాడు. కట్ట కింది కప్ప వాకిట్లో ఉన్నట్టు వినబడడం వానకు గుర్తెలా అవుతుంది? పొద్దుగూకాక నేల ముందు చల్లబడుతుంది, పైగాలి ఇంకా వెచ్చగానే ఉంటుంది. వెచ్చని గాలిలో శబ్దం జోరు ఎక్కువ: సున్నా డిగ్రీల దగ్గర సెకనుకు 331 మీటర్లు, 40 డిగ్రీలకు 355. అందుచేత పైకి పోయే అరుపు వంగి మళ్లీ నేలకే దిగుతుంది, చాలా దూరం వినిపిస్తుంది. ఇది బాగా జరిగేది గాలి లేని తేట రాత్రుల్లో. మబ్బు మూస్తే నేల అంత త్వరగా చల్లబడదు. అంటే దగ్గరగా వినబడే కప్ప, వాన లేదనడానికే సాక్ష్యం కావచ్చు!

పైగా అతివ్యాప్తి దోషం. సాగర్ ఎడమ కాలవ నీళ్లు మడిలోకి ఎక్కితే చుక్క వాన లేకుండానే కప్పలు మొదలెడతాయి.

సిద్ధాంతం: మూలకర్త కప్ప ఎంత దగ్గరో చెప్పలేదు, అందుకుందన్నాడు. గాలిలో చెమ్మ, ముసురు తెలిసి గొంతు విప్పిన కప్పే ఇక్కడ వివక్షితం. కాలవకు నీళ్లు ఎప్పుడొదిలారో రైతుకు ఎటూ తెలుసు. ఆ కప్పల్ని అతడు లెక్కలో వేయడు. చెవితో వాతావరణం కొలవడం పల్లె ఛాదస్తమేమీ కాదు. కీచురాయి అరుపుల్ని లెక్కపెట్టి ఉష్ణోగ్రత చెప్పొచ్చని అమెరికాలో ఆమోస్ డాల్బేర్ 1897లోనే రాశాడు.

పాఠాంతరం: కోతల కాలంలో కొందరు “మంచం లోపలెయ్యి” బదులు “వడ్లమీద పట్టా కప్పు” అని చదువుతారు. మంచం తడిస్తే పొద్దున ఎండకు ఆరుతుంది, వడ్లు తడిస్తే కొనుగోలు కేంద్రంలో తేమ మీటరు ఒప్పుకోదు. కాబట్టి ఆ పాఠమే గ్రాహ్యం.