మూడుకాళ్ళ గుర్రం చెక్కే విధానం

శనివారం సాయంత్రం వాడరేవులో దిగి, ఆదివారం రాత్రి చీరాలలో రైలెక్కేవాళ్ళకు మధ్యలో బోలెడు తీరిక. మోకాళ్ళ దాకా తడవడం, రొయ్యల వేపుడు తినడం, ఫొటోలు దిగడం అయ్యాక పొద్దు గడవదు. అలాంటప్పుడు అరచేతిలో పట్టే కొయ్యగుర్రం ఒకటి చెక్కుకోవాలి. జీను, కళ్ళెం, గిట్టలు, ముక్కుపుటాలు ఏవీ అక్కర్లేదు. చూడగానే గుర్రమనిపిస్తే చాలు. ఇంతమాత్రం పనికి గురువెందుకు? కింద రాసిన సూచనలను తు.చ. తప్పకుండా పాటించండి. తరతరాలుగా ఇదే వృత్తిలో బతుకుతున్న కొండపల్లివాళ్ళు వీటిలో ఒక్కటి కూడా పాటించరు. అందుకే వాళ్ళ పని అంత నిదానంగా సాగుతుంది.

ముందుగా ఒక భయం తీర్చుకోండి. బొమ్మ చిన్నది కాబట్టి పని తేలిక అని గట్టిగా నమ్మండి. తెనాలిలో ఇనుప తుక్కు అతికించి నిలువెత్తు విగ్రహాలు చేస్తున్నారు, వేలెడంత గుర్రం మనకో లెక్కా? ఇనుములో తప్పొస్తే కోసేసి మళ్ళీ వెల్డింగ్ పెట్టుకోవచ్చు. కర్రలో ఒకసారి ఎగిరిపోయిన పెచ్చు తిరిగి రాదు. పెద్ద విగ్రహంలో గోరంత తప్పును ఎవరూ పట్టించుకోరు, చిన్న గుర్రంలో అదే గోరంత అంటే ఒక చెవి. ఇలాంటి ఆలోచనలు ఉత్సాహాన్ని చంపేస్తాయి. మానుకోండి.

ఇక కర్ర. వాడరేవు, రామాపురం ఇసుక నేలల్లో ఎటు చూసినా సరుగుడు తోటలే. ఎవరినీ అడగకుండా ఒక పచ్చి కొమ్మ విరిచి తెచ్చుకోండి. సరుగుడు గట్టిది, బరువైనది, గుంజలకూ పొయ్యిలోకీ పేరుపొందినది. అంత గట్టి కర్రతో చేసిన గుర్రం అంతే గట్టిగా ఉంటుందనేది మన లెక్క. కొండపల్లి లెక్క దీనికి పూర్తిగా ఎదురు. వాళ్ళు తెల్లపొణికి కోసం వెతుక్కుంటారు. అది ఎంత మెత్తనిదంటే కత్తి ఎటు తిప్పితే అటు దిగుతుంది, ఎంత తేలికంటే చేతిలో ఉన్నట్టే తెలియదు. తెచ్చిన కర్రను ఎండబెట్టి, ఆపైన సన్నని సెగమీద కాచి, లోపలి చెమ్మంతా పోయాకే ఉలి పెడతారు. ఆ చెట్లేమో ఏటికేడాది కరువవుతున్నాయి. ఇంత తతంగం ఆదివారం రైలుకు కుదరదు.

పచ్చి కర్రలో కత్తి హాయిగా దిగుతుంది. ఈ ఒక్కటీ నిజమే, అబద్ధం చెప్పను. అందుకే చెంచాలూ గరిటెలూ చెక్కేవాళ్ళలో చాలామంది పచ్చి కర్రే వాడతారు. అయితే వాళ్ళు కొమ్మను నిట్టనిలువునా చీల్చి, నడిమి బెండు తీసేసి, మిగిలిన చెక్కతో పని మొదలుపెడతారు. మీరు కొమ్మను గుండ్రంగా అలాగే ఉంచండి. కర్రలోని నీరు కోసిన చివర్లనుంచి తొందరగానూ నడుమనుంచి నెమ్మదిగానూ పోతుంది. పైపొర ముడుచుకుంటుంది, లోపలి బెండు చుట్టూ జాగా ఇవ్వదు, ఎక్కడో ఒకచోట నెర్రె విచ్చుతుంది. కడలి గాలిలో తేమగా ఉన్నంతసేపూ అంతా బాగానే కనిపిస్తుంది. హైదరాబాదులో టీవీ పక్కన పెట్టిన నాలుగోనాడు ఠప్పుమంటుంది. నెర్రె తలనుంచి మెడ మీదుగా వస్తే జూలు అని చెప్పండి. పొట్ట కింద వస్తే చెప్పడం కొంచెం కష్టం.

ఒడ్డుకు కొట్టుకొచ్చిన దుంగ దొరికితే మరీ అదృష్టం. దాని రంధ్రాలన్నిటిలో ఇసుక, ఉప్పు కూరుకుని ఉంటాయి. రెండు గీతలు గీసేసరికి కత్తి పదును మాయం.

పదును పోయిందని దిగులు పడకండి, నా తర్వాతి సలహా దాని గురించే. కత్తికి పదును పెట్టవద్దు. మొద్దు కత్తి కర్రను తెగకొయ్యదు కాబట్టి వేలినీ తెగకొయ్యదు. తర్కంలో లోపం కనిపించదు. లోపమల్లా చేతిలో ఉంది. పదునైన కత్తిని బొటనవేలితో నెమ్మదిగా తోస్తే చాలు, పలచని చుట్ట ఒకటి లేచి వస్తుంది. మొద్దు కత్తికి భుజబలం కావాలి. భుజబలం పెట్టిన కత్తి కర్రమీద జారిందంటే ఎక్కడ ఆగుతుందో దానికే తెలియదు. కొండపల్లిలో బహుదార అనే ఉలి ఒకటి ఈ పనికి ప్రత్యేకంగా వాడతారు. మనకు రిసార్టు వంటగదిలో ఉల్లిపాయలు తరిగే చాకు ఉండనే ఉంది. రేకు సన్నం, వంగుతుంది, పిడిలో కదులుతుంది కూడా.

కర్రను తొడమీద పెట్టుకుని, కత్తిని తొడవైపుకే లాగండి. అలవాటున్నవాడు ఎడమచేత్తో కర్ర పట్టుకుని, అదే చేతి బొటనవేలితో కత్తి వెన్నును తోస్తాడు. కుడిచేయి దిశ చూపిస్తుందంతే. ఒక్కో కోత గోరు పొడవుకు మించదు, మించినా ఆగేందుకు చేయి కర్రకే ఆని ఉంటుంది. చూసేవాళ్ళకు అందులో వీరత్వం ఏముంది? మీరు కొబ్బరిబోండాం కొట్టేవాడిలా చేయెత్తి వేయండి. ఎలాగూ చీరాల ఆరేడు కిలోమీటర్లే, కుట్లు వేసేవాళ్ళు దొరుకుతారు.

ఇప్పుడు అసలు రహస్యానికి వద్దాం. కర్రను పూర్తిగా పాడుచేయాలంటే నేర్చుకోవలసింది ఈ ఒక్కటే. కర్రకు పీచు ఉంటుంది. చెట్టు ఎటు పెరిగిందో పీచూ అటే నడుస్తుంది. వంటచెరుకు చీల్చిన ప్రతివాళ్ళకూ ఇది తెలుసు. నిలువునా వేసిన గొడ్డలికి రెండుగా విచ్చుకునే దుంగ, అడ్డంగా వేస్తే గొడ్డలినే వెనక్కి విసురుతుంది. తెలిసిన ఈ సంగతిని గుర్రం దగ్గర మరిచిపోవాలి. ఒళ్ళు పొడవుగా ఉంది కదా అని, పీచు తలనుంచి తోకవైపు పడుకునేలా చెక్కను పెట్టుకోండి. వీపు నునుపుగా, చూడముచ్చటగా వస్తుంది. కాళ్ళలో మాత్రం పైనుంచి కింది దాకా సాగిన పోగు ఒక్కటీ ఉండదు. అన్నీ అడ్డంగా పడ్డ పావంగుళం తుంపులే. చెక్కుతుండగానే ఒక కాలు పోతుంది. అదేం నష్టం కాదు. ముక్కాలిపీటకు ఉన్న నిలకడ నాలుగుకాళ్ళ పీటకు లేదని లెక్కల మాష్టారు కూడా ఒప్పుకుంటారు. గుర్రం మాత్రం ఒప్పుకోదు, పోయిన కాలివైపు ఒరిగిపోతుంది.

పీచును నిలువుగా పెడితే కాళ్ళు నిలుస్తాయి. అప్పుడు ముందుకు చాచిన మూతి, వెనక్కి ఎగిరిన తోక బలహీనమవుతాయి. అందుకే చెక్కడం తెలిసినవాళ్ళ గుర్రానికి మూతి పొట్టిగా, మెడ లావుగా ఉంటుంది, కాళ్ళు కురచగా ఉంటాయి, తోక అసలుండదు. ఉన్నా పిరుదుకు అతుక్కుని ఉంటుంది. స్వీడన్‌లోని డలార్నా ప్రాంతపు ఎర్రగుర్రాన్ని చూడండి. పల్లెల్లో పిల్లలకోసం కత్తితో చెక్కుకునే ఆటబొమ్మ అది. 1939లో న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనకు వెళ్ళాక ఆ దేశానికే గుర్తయిపోయింది. దాని తీరు చూసి ఎంత గొప్ప కళాదృష్టి అని మురిసిపోతారు జనం. ఆ తీరులో సగం కర్ర చెప్పినదే. ఎక్కడ విరుగుతుందో అక్కడ సన్నం చేయవద్దంది, చేయలేదు.

కొండపల్లివాళ్ళు ఇదే చిక్కును ఇంకో దారిలో విప్పారు. ఒళ్ళు వేరే, కాళ్ళు వేరే, తోక వేరే ముక్కల్లో చెక్కి, చింతగింజల పొడినీ రంపపు పొట్టునూ కలిపిన మక్కుతో అతుకుతారు. అప్పుడు ఏ ముక్కకు కావలసిన పీచు ఆ ముక్కలో దొరుకుతుంది. వాళ్ళ అంబారీ ఏనుగుకు తొండం, కల్లుగీత కార్మికుడికి తాటిచెట్టు, బండికి కాడి అంత ధైర్యంగా బయటికి చాచుకుని ఉండడం వెనక ఉన్నది చింతగింజలే. సంక్రాంతి బొమ్మల కొలువులో ఏళ్ళ తరబడి దించి ఎక్కించినా అవి ఊడవు. మనం ఇవేవీ పట్టించుకోకుండా, ఫోనులో నాలుగు కాళ్ళూ గాలిలో ఉండి జూలు ఎగురుతున్న మార్వాడీ గుర్రం ఫొటో తెరిచి, అచ్చం అలాగే ఒకే కొమ్మలోంచి తీయడానికి కూర్చుందాం.

ఇక వీపు పల్లం. పీచు తలనుంచి తోకవైపు పడుకుని ఉంటే, అక్కడ కోత మెడ దిగువనుంచి నడుముకు, పిరుదు మీదనుంచి నడుముకు రావాలి. రెండువైపులా దిగుడే, అడుగున కలిసి ఆగాలి. కత్తి అటువైపు గట్టు ఎక్కితే పీచుకు ఎదురుపడి లోపలికి పొడుచుకుపోతుంది, మెడలో సగం పెచ్చుగా లేస్తుంది. మీరు ఒకే ఊపులో ఇటునుంచి అటు లాగేయండి.

ఇక్కడే మీకు ఒక ఆటంకం ఎదురుకావచ్చు. ఒడ్డున పడవ నీడలో పాత చెక్క బాగుచేసే పెద్దాయన ఎవరైనా ఉంటే, కాసేపు మిమ్మల్ని గమనించి, ఉండబట్టలేక అడుగుతాడు.

“ఏం చేస్తున్నావ్ బాబూ?”

“గుర్రం, పెద్దాయనా.”

“కర్ర అటు తిప్పుకో. ఎదురెక్కుతున్నావ్.”

“వీడియోలో ఇలాగే చేశాడండీ.”

“ఆ కర్రా ఇదీ ఒకటేనా?”

దీనికి జవాబు లేదు, వెతకవద్దు. ఫైబర్ పడవలొచ్చాక ఇలాంటివాళ్ళ చేతికి చెక్కపని తగ్గింది కాబట్టి, మన ముక్కను తీసుకుని రెండు నిమిషాలు చూపించడానికి వాళ్ళకు తీరికుంటుంది. అదే ప్రమాదం. ఆయన బాడిశ పట్టుకునే తీరు చూశారంటే మీరు వాడరేవులో ఇంకో వారం ఉండిపోతారు. నవ్వి, ఫోను చెవిన పెట్టుకుని పక్కకు తప్పుకోండి.

ఏది ముందు, ఏది వెనక అనేదానికి సూత్రం చిన్నది. బాగా ఇష్టమైనది ముందు. చెవులతో మొదలుపెట్టండి, ఆ తర్వాత కాళ్ళ మధ్య ఖాళీ తీసేయండి, ఒళ్ళు ఆఖరున చూసుకుందాం. పనివాళ్ళు ముందు చదరపు ముక్కమీద పక్కనుంచి కనిపించే రూపు గీసి, రంపంతో కోసి, పైనుంచి చూసి వెడల్పు తగ్గించి, మూలలు కొట్టి, ఒళ్ళంతా తేలాకే కాళ్ళను విడదీస్తారు. అందాకా నాలుగు కాళ్ళూ ఒకే దిమ్మగా ఉండి చేతికి పట్టునిస్తాయి. చెవులు మరీ ఆఖరు. ముందే చెక్కిన చెవులమీద మిగతా పని అయ్యేదాకా బొటనవేలు నొక్కుతూనే ఉంటుంది మరి.

నునుపు చేయడం గురించి ఎక్కువ చెప్పను. ఉప్పుకాగితం ఉంది కదా అని మొదటి గంటలోనే రుద్దడం మొదలుపెడితే, దాని గరుకు రవ్వలు కర్రలో దిగి మిగిలిన కత్తి పదునును తినేస్తాయి. మిట్టలన్నీ అరిగి గుర్రం సబ్బుబిళ్ళ అవుతుంది.

రంగులు. కొండపల్లిలో ముందు సున్నపు పూత వేస్తారు, అది ఆరాక రంగు. ఏటికొప్పాకలో అంకుడు కర్రను మరమీద తిప్పుతూ లక్క అద్దుతారు. చెట్ల గింజలు, బెరళ్ళు, వేళ్ళనుంచి రంగులు తీసే పద్ధతిని అక్కడ మళ్ళీ నిలబెట్టిన సి.వి. రాజుకు 2023లో పద్మశ్రీ వచ్చింది. పసిపిల్ల బొమ్మ చేతికివ్వగానే నోట్లో పెట్టుకుంటుంది కాబట్టే అంత శ్రమ. మన గుర్రానికి గేటుకు వేయగా మిగిలిన ఎనామిల్ రంగు సరిపోతుంది, పచ్చి కర్రమీదే వేసేయండి, లోపలి నీరు బయటికొచ్చేటప్పుడు పొక్కులై ఊడుతుంది. ఇంకా నాటుగా కావాలంటే పక్కనే వేటపాలెం జీడిపప్పుకు పేరుపడ్డ ఊరు, గింజ తొక్కలోని జీడి సంపాదించండి. పడవ చెక్కలకు పూసేది బొమ్మకు పనికిరాదా అని వాదించవచ్చు. అది తగిలినచోట చర్మం బొబ్బలెక్కుతుందని తీరంలో చిన్నపిల్లలకూ తెలుసు. వాళ్ళనూ అడగకండి.

ఇంత చేశాక చేతిలో మిగిలినదాన్ని ఏమని పిలవాలి? చెవులు పొడవుగా మిగిలితే గాడిద. మెడ వంకరపోతే ఒంటె. కాళ్ళు అసలు లేకపోతే ధైర్యంగా కీలుగుర్రం అనండి. అదే పేరున్న 1949 నాటి సినిమాలో ఆకాశాన ఎగిరినదానికి నేలమీద కాళ్ళెందుకు అని దబాయించవచ్చు. ఆ సినిమా హీరో నాగేశ్వరరావు పేరు చెబితే ఇంట్లో పెద్దవాళ్ళు చల్లబడతారు. ఎవరైనా కొంటామంటే మాత్రం కొండపల్లి గుర్రానికి రెట్టింపు చెప్పండి. అక్కడ వందలకు బేరమాడి వచ్చినవాళ్ళకు, సొంత వేలు కోసుకున్నాకే ఆ ధర న్యాయమో కాదో తెలుస్తుంది. తెలిసినా బయటపడకూడదు.

ఇవన్నీ పాటించే ఓపిక లేనివాళ్ళకు దొడ్డిదారి ఒకటుంది. తిరుగు రైలు తెనాలి మీదుగా విజయవాడ చేరేసరికి ఆదివారం పొద్దుపోతుంది, అంగళ్ళు మూసేస్తారు, ఆపైన కొండపల్లి చీకట్లో కిటికీ పక్కనుంచి దాటిపోతుంది. కాబట్టి వచ్చేటప్పుడే శనివారం విజయవాడలో దిగి, లేపాక్షి హస్తకళల దుకాణంలో ఒక గుర్రం కొని సంచిలో దాచుకోండి. ఇంటికెళ్ళాక మీ చేతిపనే అని చూపించండి. చూపించే ముందు ఒక చెవి విరవడం మరిచిపోవద్దు. అవయవాలన్నీ ఉన్న గుర్రాన్ని మీరు చెక్కారంటే ఇంట్లో ఎవరూ నమ్మరు.