పైలట్లకు యూనియన్ ప్రాప్తించు విధానం

ముందు ఒక కొత్త ఎయిర్‌లైన్స్‌లో చేరండి. అమెరికాలో అయితే మేలు, అక్కడ ఈ తతంగానికి చట్టం, బోర్డు, ఓటింగు అన్నీ అమర్చిపెట్టి ఉన్నాయి. చేరిన రోజే ‘మనమంతా ఒక కుటుంబం’ అంటారు. వెంటనే కరిగిపోండి. 2000లో ఎగరడం మొదలెట్టిన జెట్‌బ్లూ తన సిబ్బందిని ‘క్రూమెంబర్లు’ అనే పిలుస్తుంది. ఇంట్లోవాళ్లతో బేరాలేమిటని మీరూ నలుగురికీ చెప్పండి.

తర్వాత చేతులు కట్టుకు కూర్చోండి. యూనియన్ తెప్పించే పని యాజమాన్యమే చూసుకుంటుంది. షెడ్యూలు వస్తుంది, పాప పుట్టినరోజు నాడే రిజర్వ్ డ్యూటీ పడి ఉంటుంది. పక్క గేటులో అచ్చం మీలాంటి ఎయిర్‌బస్సే ఎక్కబోతున్న వేరే కంపెనీ కెప్టెన్ కాఫీ తాగుతూ తన జీతమెంతో చెప్తాడు. మీ కుటుంబప్రేమ అక్కడే సగం చల్లారుతుంది.

ఇక ‘యూనియన్ కావాలి’ అనే కార్డుల మీద సంతకాలు పట్టండి. ఇదంతా రైల్వే లేబర్ యాక్ట్ కింద. అవును, రైళ్ల కోసం 1926లో చేసిన చట్టమే, 1936లో విమానాలనూ అందులో ఎక్కించారు. ఒక్క ఊరి పైలట్లు కలిస్తే చాలదు, కంపెనీ పైలట్లందరూ ఒకే లెక్క. ఓటింగు పెట్టాలంటే అందులో కనీసం సగం మంది కార్డులు కావాలి. సంతకం, తేదీ ఎవరివి వాళ్లే వేయాలి. ఏడాది దాటితే కార్డు చెల్లదు. కాబట్టి ‘చూద్దాంలే బ్రదర్’ అనే మిత్రులను వీలైనంత మందిని పోగుచేయండి, పని చక్కగా సాగుతుంది.

ఓటు వేసేటప్పుడు మాత్రం నిద్రపోకండి. ఇప్పుడైతే పడిన ఓట్లలో మెజారిటీ చూస్తున్నారు. 2010 వరకు, 70 ఏళ్లకు పైగా, ఓటు వేయనివాణ్ణి ‘వద్దు’ అన్నవాడి ఖాతాలోనే వేసేవారు. హోటల్ గదిలో కర్టెన్లు లాక్కుని పడుకున్నవాడు, జ్వరంతో ఉన్నవాడు, ఓటు కాగితాన్ని చెత్తబుట్టలో పడేసినవాడు అందరూ యాజమాన్యానికి జై కొట్టినట్టే. మన దగ్గర ఎమ్మెల్యే ఎన్నికలకు ఈ పద్ధతి పెడితే చాలాచోట్ల ఎవడూ గెలవడు.

ఓడితే కుంగిపోవద్దు. జెట్‌బ్లూ పైలట్లు 2009లో సొంత సంఘాన్ని కాదన్నారు, 2011లో అల్పా అనే పెద్ద పైలట్ల సంఘాన్నీ కాదన్నారు. 2014లో 96 శాతం మంది ఓటేస్తే అందులో 71 శాతం అల్పాకే. ఆ కంపెనీ స్థాపించిన డేవిడ్ నీల్‌మన్ ఎప్పుడో బయటికెళ్లి, 2021లో బ్రీజ్ అనే ఇంకో ఎయిర్‌లైన్స్‌ను ఎగరేశారు. అక్కడి పైలట్లు మరుసటి ఏడాదే అల్పాను తెచ్చుకున్నారు. అన్నగారి ఇంట్లో 14 ఏళ్లు పట్టిన పని తమ్ముడింట్లో ఏడాదిలో అయిపోయిందన్నమాట.

గెలిచాక స్వీట్లు పంచండి, జీతం పెరుగుతుందని మాత్రం ఇంట్లో చెప్పకండి. ఒప్పందానికి గడువంటూ ఏమీ లేదు. జెట్‌బ్లూ పైలట్ల మొదటి ఒప్పందం 2018లో గానీ కుదరలేదు. మధ్యలో ఒళ్లు మండి సమ్మె చేద్దామంటే, ఇక మధ్యవర్తిత్వం లాభం లేదని ఫెడరల్ బోర్డు చేతులెత్తేయాలి, ఆ పైన 30 రోజులు చల్లబడాలి. ఈలోపు ఊరుకోలేకపోతే మీ యూనియన్ నాయకుల మీద పడండి. హోటల్లో ఇడ్లీ లేదని అడగండి. కావాలనుకుని ఓటేసి తెచ్చుకున్నారు కదా, వాళ్లు వినితీరాలి.