చేపకు పెళ్ళి చేసినవాళ్ళం

మా రోజుల్లో చేపను కొనుక్కొచ్చి నాలుగు రోజులు బతికించినవాణ్ణి చేపలు పెంచేవాడు అనేవాళ్ళం కాదు. గుడ్లు పెట్టించాలి, పిల్లల్ని పెద్దచేయాలి, పదిమందికి పంచాలి. అప్పుడే వాడి మాటకు విలువ. ఇప్పుడో? సోఫా పక్కన నాలుగడుగుల తొట్టి, దాంట్లో నీలం లైటు, ప్లాస్టిక్ మొక్క, నోరు తెరిచి బుడగలు వదిలే ప్లాస్టిక్ మొసలి. చేప చచ్చిపోతే వచ్చే ఆదివారం ఇంకోటి. ఇదేంట్రా అంటే "షోకి తాతా" అంటారు.

తొట్టి అంటే అప్పట్లో ఇనప చట్రం. యాంగిల్ కోయించి, వెల్డింగ్ పెట్టించి, రంగు కొట్టి, లోపల అద్దాలు పుట్టీతో అతికేవాళ్ళం. ఎండాకాలం పుట్టీ పగిలిందంటే తెల్లారేసరికి ఇల్లంతా చెరువే. సిలికాన్ గమ్ము వచ్చాక ఆ బాధ తీరింది. దాన్ని నేనేమీ అనను. గాలి మోటార్‌నీ స్పాంజి ఫిల్టర్‌నీ కూడా అనను. నా పోట్లాట సామానుతో కాదు, సామానుంటే చాలు చేపతో పనేముంది అనుకునేవాళ్ళతో.

పళనిలో మాకు మొదటి చేపలు అంగట్లోవి కావు. షణ్ముగనది చుట్టుపక్కల వరిమడి కాలవల్లో పంచాక్స్ ఉండేవి. నెత్తిన వెండిచుక్క, నీటి పైపైనే తిరుగుడు, దోమపిల్ల కనబడితే చాలు ఒక్క గుటక. గడ్డి నీడలో కుపానస్ ఉండేది. వేలంత చేప, సియాం ఫైటర్‌కి దూరపు చుట్టం, అదీ నురగ గూడే కడుతుంది. తువ్వాలు చెరో కొసా పట్టుకుని నీళ్ళలో దేవితే జాడీ నిండేది. ఇంట్లో తెలుగు, అంగట్లో అరవం, తొట్టి దగ్గరికొచ్చేసరికి ఇంగ్లీషు, ఇలా ఉండేది మా చదువు.

దోమల్ని తింటుందని అమెరికా గంబూసియాని 1928లోనే మన దేశానికి తెచ్చారు. మురుగుకాలవల నిండా గుప్పీల్నీ అందుకే వదిలారు. అదే పని చేసే పంచాక్స్ పక్క కాలవలోనే ఉంది. ఇప్పుడా పంచాక్స్‌నే ప్లాస్టిక్ సంచిలో కట్టి అమ్ముతుంటే మనవలు డబ్బిచ్చి తెస్తున్నారు.

ఇక ఫైటరు సంగతి. మగదాన్ని నాలుగు వేళ్ళ లోతు నీళ్ళలో వదిలి పైన అరటాకు ముక్క తేలేసేవాళ్ళం. ఆడదాన్ని హార్లిక్స్ సీసాలో వేసి ఆ నీళ్ళ మధ్యే నిలబెట్టేవాళ్ళం. చూపులు కలవాలి, దెబ్బలు తగలకూడదు. మగది ఆకు కింద బుడగలు ఊదుతూ గూడు కడుతుంది. ఆడదాని పొట్ట నిండి, ఒంటిమీద నిలువు చారలు తేలితే సరేనన్నట్టు. అప్పుడు సీసా తీసేయాలి. మగది వంగి దాన్ని చుట్టేస్తుంది, కాసేపు రెండూ కదలవు, ఆ వెంటనే తెల్లటి గుడ్లు రాలతాయి. అవి అడుక్కి దిగేలోపు తండ్రి నోటితో ఏరుకుని బుడగల్లో పెడతాడు. పని ముగిశాక తల్లిని తీయకపోతే కొట్టి చంపుతాడు. ఒకట్రెండు రోజుల్లో గుడ్లు చిట్లి, పిల్లలు తోకలు కిందికి వేలాడేసుకుని గూటికి అంటుకుని ఉంటాయి. జారిన పిల్లనల్లా నోట కరుచుకుని పైకి తెచ్చి మళ్ళీ గూట్లోకి ఊదుతాడు. రాత్రంతా అదే చాకిరీ. పిల్లలు తిన్నగా ఈదడం మొదలెట్టిన రోజున మాత్రం తండ్రినీ తీసేయాలి. అంత ప్రేమా ఆ రోజుతో సరి, తర్వాత కనబడ్డ పిల్లనల్లా మింగుతాడు.

ఆ పిల్లల నోట్లో పట్టే తిండి కంటికి ఆనదు. దానికి మేం వాడింది అరటితొక్క. పంచామృతం చేసే ఊళ్ళో విరూపాక్షి అరటి తొక్కలకు కొదవా? కుండనీళ్ళలో వేసి నీడన పెడితే ముందు నీళ్ళు తెల్లగా విరిగి కంపుకొడతాయి. ఇంట్లో ఆడవాళ్ళు తిట్టేదంతా అప్పుడే. కొన్నాళ్ళకి కంపు పోయి, నీళ్ళు తేరుకుని లేత పసుపు తిరుగుతాయి. గ్లాసులో ఎత్తి ఎండకి పట్టుకుంటే లోపల సన్నని దుమ్ములాంటిది కదులుతూ ఉంటుంది. అదే ఇన్ఫ్యుసోరియా. రోజుకి రెండు మూడుసార్లు చెంచాలతో పోస్తే పిల్లలు నిలబడతాయి. 2019లో పళని పంచామృతానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. తొక్కలకి రాలేదు.

ఇప్పటి తొట్లలో ఎవరున్నారో చూడండి. ఫ్లవర్‌హార్న్. 1990లలో మలేషియాలో జాతులు కలిపి పుట్టించిన సంకరం. నెత్తిన బొడిప ఎంత పెద్దదైతే అంత అదృష్టమట, ధరా అంతే. ఇంట్లో కొలువున్న ఆ మహానుభావుల్లో చాలామంది మగవాళ్ళకు సంతానమే కలగదు. ఆ పక్క ఇంట్లో వాస్తు కోసం ఆరోవానా. అమెజాన్లో మూడడుగులు పెరిగే చేప, రెండడుగుల తొట్టిలో వెనక్కి తిరగలేక నిలబడి ఉంటుంది. వాకిట్లో నిలబడితే మురుగన్ కొండ కనబడుతుంటే అదృష్టానికి చేప కావాలా, సామీ? వీటన్నిటికంటే పాపం మన గాజుచేప. ఎముకలు కూడా కనబడేంత పలచని ఒళ్ళు దానిది. ఆ ఒంట్లోకి సూదితో రంగెక్కించి గులాబీ అని, పచ్చ అని అమ్మారు. రంగు కొన్నాళ్ళకి దిగిపోతుంది, చాలాసార్లు చేప దానికంటే ముందే పోతుంది.

చెన్నై కొళత్తూరులో మాత్రం ఇప్పటికీ మేడలమీదా పెరళ్ళలోనూ సిమెంటు తొట్లు కట్టి చేపలతో గుడ్లు పెట్టించే కుటుంబాలున్నాయి. ఆక్సిజన్ సంచుల్లో మన ఊళ్ళకి దిగే సరుకు చాలావరకు అక్కడిదే. వాళ్ళ కష్టం నాకు తెలుసు, వాళ్ళని పల్లెత్తు మాట అనను. ఆ చేప మన గుండ్రటి గాజుగిన్నెలోకి చేరాకే దాని ఖర్మ మొదలయ్యేది. 2017లో కేంద్రం గిన్నెల్లో చేపల్ని ఉంచరాదని నియమం తెచ్చింది. అందులో వ్యాపారుల్ని ముంచే అర్థంలేని నిషేధాలు కూడా చాలా ఉన్నాయి. గోల లేచేసరికి అదే ఏడాది మొత్తాన్నీ ఉపసంహరించుకున్నారు. గిన్నె మాత్రం బతికిపోయింది.

కొత్తవాళ్ళు సాయంత్రం తొట్టి కొని, రాత్రికి నీళ్ళు నింపి, పొద్దున్నే చేపల్ని వదులుతారు. చేప విసర్జించిన అమ్మోనియాని విరగ్గొట్టే బాక్టీరియా ఫిల్టర్ స్పాంజిలో చేరడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మేం ఆ శాస్త్రం చదవలేదు. పాత తొట్టి మురికిలోంచి కాస్త తెచ్చి కొత్తదాంట్లో కలిపి, ఒకటి రెండు గుప్పీల్ని వదిలి, నెల ఆగేవాళ్ళం. ఇప్పుడెవరాగుతారు? మూడో రోజుకి నీళ్ళు తెల్లబడతాయి, అంగడివాడిచ్చిన నీలం మందు పోస్తారు, అయిదో రోజుకి చేపలు తేలతాయి.

ఇంకొక్కటి చెప్పి వదిలేస్తాను. తొట్టి శుభ్రం చేస్తుందని సక్కర్ చేపను కొంటారు. బొటనవేలంత ఉన్నప్పుడు ముద్దుగానే ఉంటుంది. అడుగు దాటాక జాలిపడి చెరువులో వదిలి పుణ్యం చేశామనుకుంటారు. ఆంధ్రలో జాలర్లు దెయ్యం చేప అని తిట్టుకునేది దీన్నే. దాని పెంకు వలలు చింపుతుంది, గుడ్లకోసం గట్లు తవ్వుతుంది. మన పళని వైయాపురి చెరువుకి ఆకాశతామర బెడద చాలు, ఈ బాధ కూడా వద్దు. చేప వద్దనుకుంటే కొన్న అంగడిలోనే తిరిగి ఇవ్వండి, తీసుకోకపోతే పెంచేవాళ్ళకివ్వండి. చెరువులో మాత్రం వదలకండి.