ముందే బోల్తా పడండి

లా హోయాలో కయాకింగ్, స్నార్కెలింగ్‌కు వెళ్తున్నామని చెబితే చాలు, శాన్ డియేగోలో ఉండే మనవాళ్లు తలో సలహా ఇస్తారు. ఎండ బాగా కాసే రోజు చూసుకోమంటారు. అందరికన్నా ముందుండేలా గట్టిగా తెడ్డు వేయమంటారు. గుహలన్నీ చూసి రమ్మంటారు, కట్టిన డబ్బు గిట్టుబాటు కావాలి కదా అంటారు. ఏం చేసినా పడవ మాత్రం తిరగబడనివ్వొద్దని మరీ మరీ చెబుతారు. ప్రేమతోనే చెబుతారు. కానీ ఆ మాటలు పట్టుకుని వెళ్లినవాళ్లు భుజాల నొప్పితో, ఉప్పునీళ్లు మింగిన గొంతుతో, ఒక్క చేపనైనా సరిగా చూడకుండా ఒడ్డుకు రావడం చూస్తూనే ఉన్నాను. అందుకే వాటికి అడ్డం తిరిగిన సలహాలు ఇక్కడ రాస్తున్నాను. ఇంట్లో పెద్దవాళ్లకు చదివి వినిపిస్తే కూడదంటారు. అయినా వీటినే పాటించమని నా మనవి.

మొదటిది: మబ్బు పట్టిన పొద్దును ఎంచుకోండి. అక్కడ మే, జూన్ నెలల్లో సముద్రం మీది నుంచి తక్కువ ఎత్తులో మేఘం వచ్చి తీరాన్ని కప్పేస్తుంది, కొన్నాళ్లు మధ్యాహ్నం దాకా కదలదు. ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలు ఇదేం కాలిఫోర్నియా అని నిరాశ పడతారు. ఆ మేఘం ఉన్నంతసేపూ చాలా రోజులు గాలి లేవదు. ఎండ కాసి నేల వేడెక్కాక సముద్రం వైపు నుంచి గాలి మొదలై, పొద్దున నున్నగా ఉన్న నీళ్లు మధ్యాహ్నానికి చెదిరిపోతాయి. కయాక్ పక్కకు కొట్టుకుపోతుంది, తెడ్డు వేసిన ప్రతిసారీ ముఖాన చిలకరింత. మబ్బు వల్ల నీటి అడుగున వెలుగు కాస్త తగ్గే మాట నిజమే. ఆ నష్టం నాకు సమ్మతమే. ఒకటి మాత్రం మరవకండి, మబ్బులోంచి కూడా ఎండ ఒళ్లు కాల్చేస్తుంది. పొడుగు చేతుల ఈత చొక్కా వేసుకోండి.

చలి గురించి కూడా చెప్పాలి. వైజాగ్‌లో స్నానం చేసిన అలవాటుతో సముద్రమంటే గోరువెచ్చగా ఉంటుందనుకుంటాం. లా హోయాలో నిండు వేసవిలోనూ నీళ్లు 20 డిగ్రీల అటూ ఇటూనే. వెట్‌సూట్ ఇచ్చేటప్పుడు ఊపిరాడట్లేదని ఒక సైజు పెద్దది అడుగుతారు చాలామంది. అడగొద్దు. ఒంటికీ సూట్‌కూ మధ్య పలుచగా నిలిచే నీళ్లు మన వేడికే వెచ్చబడి చలి ఆపుతాయి. వదులుగా ఉంటే ఆ నీళ్లు నిలవక, ప్రతి కదలికకూ చల్లటి నీళ్లు కొత్తగా లోపలికి వస్తాయి. తొడుక్కోవడానికి ఇబ్బంది పెట్టిన సూటే నీళ్లలో మేలు చేస్తుంది.

రెండో సలహా: చెప్పిన టైముకు ముందే వెళ్లి, ఏమీ చేయకుండా నిలబడండి. ఫొటోలు, ఫోన్లు పక్కన పెట్టి ఒక పావుగంట అలల్నే చూడండి. అవి ఒకే తీరుగా రావు. నాలుగైదు పెద్దవి వరసగా వస్తాయి, తర్వాత కాసేపు నెమ్మది. ఎక్కడో వేల మైళ్ల అవతల తుపాను లేపిన అలలు దాదాపు ఒకే పొడవువి కలిసి ప్రయాణం చేస్తూ ఇలా గుంపులు కడతాయి. కయాక్‌ను నీళ్లలోకి తోయాల్సింది ఆ నెమ్మది వేళలో. గైడ్ మిమ్మల్ని ఆపి ఉంచి, ఉన్నట్టుండి 'పదండి' అనడానికి కారణం అదే. మీరూ ఆ లయ పట్టుకుని ఉంటే తడబడరు.

అలలను లెక్కగట్టడం మనిషి నేర్చుకున్న చోట్లలో లా హోయా ఒకటి. 1903లో మొదలైన స్క్రిప్స్ సముద్ర విజ్ఞాన సంస్థ ఆ తీరంలోనే ఉంది. అక్కడి పియర్ దగ్గర 1916 నుంచీ ప్రతిరోజూ నీటి వేడి కొలిచి రాస్తున్నారు. రెండో ప్రపంచ యుద్ధంలో సైనికులను పడవల్లో ఒడ్డుకు దించాలంటే అలలు ఎంత ఎత్తున ఉంటాయో ముందే తెలియాలి. ఆ అంచనా కట్టే పద్ధతిని ఈ సంస్థకే చెందిన హెరాల్డ్ స్వెర్‌డ్రప్, ఆయన శిష్యుడు వాల్టర్ మంక్ రూపొందించారు. 1944 నార్మండీ దాడికి అది పనికొచ్చింది. యుద్ధం తర్వాత 1947లో మంక్, ట్రేలర్ అనే మరో పరిశోధకుడు కలిసి లా హోయా దగ్గర అలలు ఎలా వంగుతాయో వివరించారు. ఒడ్డుకు చాలా దగ్గర నుంచే అక్కడ సముద్రం అడుగున లోయలు మొదలవుతాయి. లోయ మీది లోతు నీళ్లలో అల వేగంగా పోతుంది, రెండు పక్కలా ఉన్న లోతు తక్కువ నీళ్లలో వెనకబడుతుంది. దాంతో అల విచ్చుకుని, దాని బలం పక్కలకు పంచుకుపోతుంది. లోయ తలకు ఎదురుగా ఉన్న ఒడ్డున అలలు చిన్నవిగానూ, కాస్త ఉత్తరాన బ్లాక్స్ బీచ్‌లో సర్ఫింగ్ చేసేవాళ్లు కోరుకునేంత పెద్దవిగానూ ఉండటంలో ఈ లోయల చేయి ఉంది. కయాక్‌లు దించే బీచ్ దక్షిణపు కొసకు ఈ లోయ అండ ఒకటి, దక్షిణపు అలలకు అడ్డు నిలిచే లా హోయా కొన అండ ఇంకొకటి. కాబట్టి 'ఇక్కడ జనం ఎక్కువ, కొంచెం అటు పోయి దిగుదాం' అన్న ఆలోచనే వద్దు.

ఇక అసలు సలహా. ముందే బోల్తా పడండి.

అలలు విరిగే చోటు దాటి నీళ్లు నెమ్మదించాక, గైడ్‌తో చెప్పి, ఆయన పక్కన ఉండగానే కావాలని కయాక్ తిరగేయండి. చాలామంది ట్రిప్పంతా ఒకటే భయంతో గడుపుతారు: పడితే ఏమవుతుంది? ఆ భయంతో నడుం బిగుసుకుపోతుంది. నడుం బిగుసుకుంటే చిన్న అలకు కూడా పడవతో పాటు మనిషీ ఒరుగుతాడు, నిజంగానే పడతాడు. ఒకసారి పడి లేచినవాళ్ల నడుం వదులవుతుంది. అక్కడ ఇచ్చేవి పైన కూర్చునే రకం కయాక్‌లు, లోపల ఇరుక్కుపోయే పని లేదు. లైఫ్ జాకెట్ మిమ్మల్ని వెంటనే పైకి తెస్తుంది. తెడ్డు వదలకండి. పడవ బోర్లా ఉంటే నడిమికి వచ్చి, అవతలి అంచు అందుకుని మీ వైపు లాగితే తిరుగుతుంది. ఎక్కేటప్పుడు నిట్టనిలువుగా పైకి లేవాలని చూడొద్దు, చేతుల్లో బలమంతా అక్కడే అయిపోతుంది. కాళ్లు వెనక్కి చాపి నీటి పైకి తన్నుతూ, పొట్ట మీద పడవకు అడ్డంగా జారండి. తర్వాత పక్కకు దొర్లి సీట్లో కూర్చోండి. కాళ్లు చివరికి లోపలికి తెచ్చుకోండి. ముందు పొట్ట, తర్వాత పిరుదులు, ఆఖరికి పాదాలు. ఇద్దరి పడవైతే ఒకరు ఎక్కేదాకా రెండోవాళ్లు అవతలి పక్క పట్టుకుని ఉండాలి. బట్టలు తడుస్తాయనే బెంగ పెట్టుకోకండి, నూలు బట్టలైతే అసలు తేకండి. నీళ్లు పీల్చి బరువెక్కుతాయి, ఆరవు.

ఇద్దరి కయాక్‌లో మొగుళ్లు సాధారణంగా ముందు కూర్చుంటారు. ఇద్దరిలో నెమ్మదైన మనిషే ముందు కూర్చోవాలి. ముందున్నవాళ్ల తెడ్డు వెనకున్నవాళ్లకు కనిపిస్తుంది, వెనకున్నవాళ్లది ముందుకు కనిపించదు. అందుకని లయ ముందున్నవాళ్లది, దారి తిప్పే బాధ్యత వెనకున్నవాళ్లది. బలమున్న మనిషి వెనక కూర్చుని ముందువాళ్ల జోరుకు తగ్గి వేస్తే తెడ్లు ఢీకొట్టుకోవు, దారి పొడవునా తగవులూ ఉండవు. తెడ్డును చేతులతో లాగొద్దు. నడుం తిప్పుతూ, పాదాలు ఆనించి తోయాలి. వేళ్లు వదులుగా ఉండాలి. అందరికంటే ముందు చేరాలని తపన పడేవాళ్లే స్నార్కెలింగ్ చోటికి వచ్చేసరికి ఆయాసంతో ఉంటారు, ఆయాసంలో స్నార్కెల్ పెట్టుకుంటే గాలి చాలదు. ఇద్దరు గైడ్లుంటే వెనక గైడ్ పక్కనే సాగండి. ఒక్కరే ఉంటే ఆ మనిషి పిలుపు దూరం దాటొద్దు.

ఇసుకరాతి కొండ చరియల్లో ఉన్న ఆ ఏడు గుహల సంగతికి వస్తే, లోపలికి వెళ్లకుండా తిరిగి రావడానికి ముందే సిద్ధపడండి. ఏడున్నర కోట్ల ఏళ్ల నాటి రాయి అది, దాన్ని తొలిచింది ఈ అలలే. ఇరుకైన గుహలోకి అల వస్తే పోవడానికి చోటుండదు, లేచి మీద పడుతుంది. ఈ రోజు వద్దు అని గైడ్ అంటే బతిమాలకండి, వెళ్లినవాళ్ల వీడియోలు చూపించకండి. వద్దనగలిగే గైడ్ దొరకడం మీ అదృష్టం. గుహ లోపలి నుంచి సముద్రం చూడాలనే కోరిక ఉంటే, సన్నీ జిమ్ గుహలోకి కొండ మీది దుకాణంలో నుంచి మెట్లున్నాయి. 1902-03లో సొరంగం తవ్వి వేసినవి. కయాక్ ఎక్కలేని పెద్దవాళ్లను, మోకాళ్లు సహకరిస్తే, అటు తీసుకెళ్లండి.

నీళ్లలోకి దిగే ముందు మీసాల గురించి. మాస్క్‌లోకి నీళ్లొస్తున్నాయని పట్టీ ఇంకా ఇంకా బిగించే మగవాళ్లను చూస్తాను. బిగిస్తే ఇంకా కారుతుంది. మీసం పై అంచు మీద రబ్బరు అతుక్కోకపోవడమే కారణం. ముక్కు కింద సన్నని గీత మేర గొరిగించుకోండి, పట్టీ వదులు చేయండి. లోపలి అద్దం మీద ఉమ్మి రాసి కడిగితే మసక పట్టదు. ఊపిరి విషయంలో లోతుగా పీల్చమని చెప్పేవాళ్ల మాట పక్కన పెట్టి, నిదానంగా పూర్తిగా వదలడం మీద దృష్టి పెట్టండి. గొట్టంలో మిగిలిన పాత గాలి బయటికి పోతేనే కొత్తది వస్తుంది. ధైర్యం నటించొద్దు. ఈత రాకపోయినా, ఉబ్బసం ఉన్నా, గుండెకు మందులు వాడుతున్నా బుక్ చేసేటప్పుడే చెప్పండి. ఈత రానివాళ్లు స్నార్కెల్ వదిలేసి కయాక్ మీదే కూర్చుంటే పోయేదేమీ లేదు, కెల్ప్ అనే పొడవాటి సముద్రపు నాచు అంచున నీళ్లు తేటగా ఉన్న రోజు పైనుంచి కూడా చాలా కనిపిస్తుంది.

దిగినవాళ్లు ఒక్క బండ చూడండి చాలు. అక్కడి నుంచి కదలకండి. ఈత కొడుతూ పోయేవాళ్లకు చేపల తోకలే కనిపిస్తాయి. ఒకచోట తేలుతూ ఉంటే మొదట నారింజ రంగు చేప ఒకటి బయటికి వస్తుంది. గారిబాల్డి అంటారు, 1995 నుంచి కాలిఫోర్నియా రాష్ట్రపు సముద్ర చేప. మగది రాతి మీద కొంత చోటు శుభ్రం చేసి, ఎర్ర నాచు మాత్రం పెరగనిచ్చి గూడు కడుతుంది. ఆడది గుడ్లు పెట్టి పోతే, పిల్లలు బయటికి వచ్చేదాకా కాపలా మగదానిదే. దగ్గరికి వెళితే మనిషి ఒంటి పరిమాణం చూసి కూడా వెనక్కి తగ్గదు, మీదికి దూకుతుంది. ఒంటి మీద నీలిచుక్కలున్న చిన్నది కనిపిస్తే అది దాని పిల్ల. కాసేపటికి ఆ బండ చుట్టూ ఎవరి హద్దు ఎక్కడో మీకు తెలిసిపోతుంది. చేపలకు బ్రెడ్డు వేస్తే బాగా వస్తాయని చెప్పేవాళ్ల మాట వినొద్దు. లా హోయా కోవ్ చుట్టుపక్కల 2012 నుంచి మట్లహుయల్ అనే రక్షిత ప్రాంతం అమల్లో ఉంది. అక్కడి నుంచి చేపనే కాదు, గవ్వనూ రాయినీ కూడా తీసుకోకూడదు.

ఆగస్టు, సెప్టెంబరులో వెళితే షార్కులున్న చోటికే వెళ్లండి. లెపర్డ్ షార్కులు, ఎక్కువగా కడుపుతో ఉన్న ఆడవి, ఆ దక్షిణపు కొసన నడుం లోతు నీళ్లలోకి గుంపులుగా వస్తాయి. లోపలి పిల్లలు ఎదగడానికి ఆ వెచ్చటి నీళ్లు సాయపడతాయి. నాలుగైదు అడుగులుంటాయి, పీతలు, పురుగులు తిని బతుకుతాయి, మనుషుల జోలికి రావు. వాటికే మనమంటే బెదురు. కాళ్లు తపతపా కొడితే నిమిషంలో ఒక్కటీ ఉండదు. సీ లయన్ల దగ్గర మాత్రం దూరమే మర్యాద: కనీసం 50 గజాలు. వాటిని వేధించడం 1972 నాటి చట్టం ప్రకారం నేరం. అవే ఈదుకుంటూ వస్తే తెడ్డు ఆపి ఊరుకోండి. కెల్ప్ తీగ కాలికి చుట్టుకుంటే లాగి తన్నొద్దు, ఆగి చేత్తో తీసేయండి. తేలిగ్గా తెగుతుంది.

ఒడ్డుకు వచ్చేటప్పుడు మళ్లీ తొందరపడకండి. పెద్ద అల మీద ఎక్కి దూసుకొద్దామనిపిస్తుంది, దానికన్నా అల మిమ్మల్ని దాటిపోయాక దాని వెనకే తెడ్డు వేయండి. పడవ ముక్కు నేరుగా ఒడ్డు వైపే ఉండాలి. దిగేటప్పుడు సముద్రం వైపు దిగండి. పడవకూ ఒడ్డుకూ మధ్య నిలబడితే తర్వాతి అల ఆ పడవను మీ మోకాళ్ల మీదికి తోస్తుంది. ఇసుక మీద అడుగులు వేయకుండా, పాదాలు ఈడ్చుకుంటూ రండి. ఇసుకలో ఒదిగి పడుకునే టేకు చేపలు ఆ అదురుకు పక్కకు తప్పుకుంటాయి, మీద అడుగు పడితేనే ముల్లు దించుతాయి. ముల్లు దిగితే మంచు ముక్కలు పెట్టొద్దు. లైఫ్‌గార్డ్ టవర్ దగ్గరికి నడవండి, తోక ముల్లు విరిగి లోపల ఉందేమో వాళ్లే చూస్తారు. చర్మం కాలకుండా భరించగలిగినంత వేడి నీళ్లలో, నొప్పి తగ్గేదాకా, గంటైనా సరే, పాదం ఉంచండి.